చూరు కింద వల

కొత్త వార్నిష్ వాసన తగిలితే చాలు, ఇప్పుడు ముక్కు మూసుకుని అవతలికి పోతున్నాను. పోయిన నెల నాగాయలంక దగ్గర సుందరమ్మ టీచరు గారు పుట్టి పెరిగిన పెంకుటిల్లు చూడ్డానికి వెళ్ళినప్పటి నుంచీ ఇదే వరస. తలుపులకీ దూలాలకీ, ఆవిడ చిన్నప్పటి ఉయ్యాలబల్లకి కూడా పూసేశారు. గుమ్మం మీద ‘మడ అడవుల తల్లి జ్ఞాపక గృహం’ అని బోర్డు. ఇదంతా చేయించింది ఆవిడ తమ్ముడు రాఘవయ్య గారే. ఒళ్ళు మండిపోయింది.

టీచరు గారు మాకు సైన్సు చెప్పేవారు. “ఉప్పెనకి అడ్డం పడేవి ఆ మడచెట్లేనే. మీ నాన్న బుట్టలో పీతలు కూడా వాటి చలవే,” అనేవారు నాతో. తొంభైల్లో రొయ్యల చెరువుల పిచ్చి పట్టి ఊరంతా మడ నరుకుతుంటే, ఆవిడ పొక్లెయినుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ పొక్లెయిను తమ్ముడు తెప్పించిందే. “ఇంటి పరువు బజార్న పడేశావు. ఇంక ఈ గడప తొక్కకక్కా,” అన్నాడాయన అందరి ముందూ. మడ ఎలాగూ మిగల్లేదు. ఆవిడ అవనిగడ్డలో అద్దెగదికి మారిపోయారు.

కోతలవగానే మొదటి వరికంకుల్ని కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం చూరుకి కట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. చిన్నప్పటి నుంచీ ఆ పని టీచరు గారిదే. జబ్బు ముదిరిన ఏడాది మంచం మీదే ఒక కుచ్చు అల్లి నా చేతికిచ్చారు.

“మా చూరుకి కట్టిరావే. కోపం నా మీద గానీ పిచ్చుకల మీద కాదుగా?”

రాఘవయ్య గారు నన్ను అరుగు కూడా ఎక్కనివ్వలేదు. “పిట్టలకి మేత అలవాటు చేస్తే చెరువుల మీద పడతాయి. పట్టుకెళ్ళు,” అన్నాడు.

“పిచ్చుకలు రొయ్యల్ని తింటాయా అండీ?” అన్నాను. తలుపేసుకున్నాడు.

కుచ్చు వెనక్కి తెచ్చి ఆవిడ గది కిటికీకి కట్టాను. పిచ్చుకలు దాన్ని ఉత్తి గడ్డి చేసేలోపే టీచరు గారు పోయారు.

ఇప్పుడా పెంకుటింట్లో అద్దాల పెట్టెలో ఒక వరికుచ్చు ఉంది. ‘స్వహస్తాలతో అల్లినది’ అని రాసి పెట్టారు. పచ్చి అబద్ధం, ఆవిడ అల్లినవన్నీ ఏనాడో పిచ్చుకలు తినేశాయి. బయటికొచ్చి తలెత్తితే చూరు పొడుగునా నీలం వల, చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టేదే.

“ఇదెందుకయ్యా?” అని కాపలా అతన్ని అడిగాను.

“పిచ్చుకలు రెట్టలేస్తున్నాయండీ. వార్నిష్ పాడైపోద్దని అయ్యగారు కట్టించారు.”

ఆవిడ చెప్పిన పాఠాల్లో సగం మర్చిపోయాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న కుచ్చు అల్లడం మాత్రం నా చేతులు మర్చిపోలేదు. ఏటా అల్లి మా ఇంటి చూరుకి కడుతూనే ఉన్నాను. ఈసారి కోతలయ్యాక ఒకటి ఆ ఇంటికి పట్టుకెళ్తాను. సంచిలో కత్తెర కూడా వేసుకుంటాను.