ముడి విప్పని దారి

చావు కబురు మన గడపకు ఎవరో ఒకరు మోసుకొస్తారు. మా లష్కర్ బాపు పోయిన కబురు మాత్రం నేనే మోయాల్సి వచ్చింది. పోయిన నెలలో, పొగమంచు కమ్మిన ఒక ఆదివారం, ఆయన కొడుకును శవం దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళ గడపలో నిలబడి కోడలికి నేనే చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటే అడిగింది. "నువ్వు ఆయన ఎనుకనే ఉంటివి గదా అక్కా?"

లేను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది అందుకే.

బాపు నాకు చుట్టం కాదు. మా గల్లీ చివరి ఇల్లు ఆయనది. కాలువల మీద లష్కర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తూములు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. బోధన్ నుంచి మంజీర దాకా ఏ గట్టు మీద ఎక్కడ గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నేను మందుల షాపు నడుపుతాను. చెరకును నమ్ముకున్న ఊళ్ళో పుట్టినందుకో ఏమో, నలభై దాటకముందే నాకు షుగర్ వచ్చింది. డాక్టరు మాట విని లావు టైర్ల సైకిలు కొన్నాను. మొదటి రోజే పెద్దరోడ్డు మీద లారీ గాలికి తుమ్మ పొదలో పడ్డాను. మోచేతికి అయోడిన్ పూసుకుంటుంటే బాపు షాపు ముందు ఆగి నవ్వాడు. డాంబరు లారీలదనీ, మనకు మొరం దారి ఉందనీ చెప్పి మరుసటి ఆదివారం వెంట తీసుకెళ్ళాడు.

అట్లా మూడేళ్ళు తిరిగాం. ఆయనది నల్లటి పాత ఇనుప సైకిలు, నాది గేర్ల సైకిలు. అయినా ముందు ఆయనే. కంకర మీద హ్యాండిల్ గట్టిగా బిగిస్తే పడతామని, వదులుగా పట్టుకుంటే దారి అదే చూసుకుంటుందని నేర్పాడు. కాలువ గట్టు దిగగానే రెండు పక్కలా చెరకు, తలకు మించిన ఎత్తు. లోపల గాలి ఆడదు, ఆకులు మాత్రం ఊరికే గరగరమంటాయి. ఆ చెరకు దాటితే పాత ద్రాక్షతోట. ఎవరో ఆశపడి నది పక్కన ద్రాక్ష వేశారట. తీగలన్నీ ఎప్పుడో ఎండిపోయాయి. తీగలు పాకడానికి పాతిన రాతి కడీలు మాత్రం వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఒక్క కడీకి ఇంకా పచ్చటి తీగ ఉండేది. బాపు అక్కడ ఆగి తన సీసాలో నీళ్ళు సగం దానికి పోసి, మిగిలినవి తాను తాగేవాడు. అక్కడి నుంచి రేగడి గట్టు వెంట, మళ్ళీ చెరకు పక్కన రెండు మలుపులు తిరిగితే మంజీర.

నేను ఎప్పుడూ ఆలస్యమే. బాపు ఆగేవాడు కాదు. మలుపు వచ్చిన ప్రతిచోటా పక్కనున్న చెరకు ఆకులు రెండు తీసి ముడివేసి పోయేవాడు. ముడి ఎటు పక్కనుంటే నేను అటు తిరగాలి. ముడి వేశాక సైకిలు గంట ఒక్కసారి కొట్టేవాడు. నేను ఆ ముడి దగ్గరికి చేరాక రెండుసార్లు కొట్టాలి. అది వినిపిస్తేనే ఆయన తర్వాతి మలుపుకు కదిలేవాడు. చెరకులో మనిషి కనబడడు కనుక మాకు ఉన్నదల్లా ఆ గంటలే. తిరిగి వచ్చేటప్పుడు వేసిన ముళ్ళన్నీ ఆయనే విప్పేవాడు. చెరకాకు అంచుకు వేళ్ళు కోసుకుపోయేవి. ఎందుకు బాపూ ఈ బాధ, ఎండి రాలిపోతాయి కదా అంటే ఒప్పుకోలేదు.

"మన ఎనుక ఎవలన్న ఉన్నంతసేపే ముడి ఉండాలె బిడ్డా. ఇప్పకపోతే దారి ఎదురుసూస్తది."

ఒకసారి మాత్రం నేను ముళ్ళు చూడకుండా, బాగా తెలిసిన దారే కదా అని చెరకు గోడను చూసుకుంటూ పోయాను. ముందురోజు ఒక మడి కోసేసిన సంగతి నాకు తెలియదు. గోడ ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది. ఏ పక్క నది, ఏ పక్క ఊరు అన్నది పోల్చుకోలేక గంట కొడితే, జవాబు ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి వచ్చినట్టయింది. ఏడుపొచ్చింది. బాపు వచ్చి తిట్టలేదు. చెరుకు గోడ కాదు, పంట, కోసిననాడు పోతది అన్నాడు. ముందర పోయేటోడు ఎనుకకు సూడొద్దు, ఎనుక వచ్చేటోడు ముడి ఇడువొద్దు అని కూడా అన్నాడు.

ఆయన పోవడానికి ముందురోజు, శనివారం, షాపుకు బీపీ మాత్రలకు వచ్చినప్పుడు రేపు తప్పకుండా వస్తానన్నాను. "నువ్వు ఆల్శెంగ వస్తవ్, గని వస్తవ్" అని నవ్వుకుంటూ పోయాడు. తెల్లవారి తలుపు తీస్తే గల్లీ కూడా కనబడనంత మంచు. మళ్ళీ పోయి దుప్పటి కప్పుకున్నాను. ఆయన సైకిలెక్కితే ఫోను ఇంట్లోనే పెట్టి పోతాడని నాకు తెలుసు. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టే మాత్ర నా సైకిలు సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఆ పొద్దు అది కూడా నాతోపాటు ఇంట్లోనే ఉంది.

పది దాటినా రాలేదని కొడుకు మా ఇంటికి వచ్చాడు. దారి నాకొక్కదానికే తెలుసు. అతని మోటారుసైకిలు వెనక కూర్చుని ముడి ముడికీ దారి చెప్పుకుంటూ పోయాం. బాపు ద్రాక్షతోటలో, పచ్చటి తీగ ఉన్న కడీకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. సైకిలు స్టాండు వేసి ఉంది. సీసాలో నీళ్ళు సగమే ఉన్నాయి. టైరు అచ్చు ఆ కడీ దగ్గరే ఆగిపోయింది. కానీ తోట అవతల, నది వైపు పోయే రెండు మలుపుల్లోనూ చెరకాకులకు ముళ్ళు ఉన్నాయి. కొడుకు అవి నిన్నటివో మొన్నటివో అయి ఉంటాయన్నాడు. విప్పకుండా ఏనాడూ ఇంటికి రాని మనిషి ఆయన. నేను ఆ మాట అతనికి చెప్పలేదు.

నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ ముళ్ళు నన్ను నిద్రపోనివ్వలేదు. దినాలు అయిపోయిన మరుసటి పొద్దున, అవన్నీ విప్పేద్దామని ఒక్కదాన్నే పోయాను. కాలువ గట్టు దిగగానే సైకిలు ఆపాను. చెరకంతా కోసేశారు. ఎర్రటి ఎండలో మోళ్ళు తప్ప ఏమీ లేవు. మలుపు మలుపుకీ మాత్రం ఒక్కో చెరకు గుబురు నిలబడి ఉంది, ముడితో సహా, పసుపు కుంకుమ పూసుకుని. మూడేళ్ళుగా ఊరంత పొడుగనుకున్న దారి నది దాకా ఒక్క చూపులో కనబడింది.

కోతకు వచ్చినవాళ్ళు మంజీర అవతలివాళ్ళు. గట్టు కింద ఆకులు కట్టలు కడుతున్న ఒకామెను అడిగితే, మరాఠీ కలిసిన తెలుగులో చెప్పింది. అది ఏదో దేవుని మొక్కు అనుకుని కత్తి పెట్టకుండా, తామే పసుపు కుంకుమ పూశారట. వాళ్ళు వచ్చి అప్పటికి వారమే అయింది.

"రోజు పొద్దుగాల గంట ఇనవడ్తది అక్కా. ఒక్కపారే. మళ్ల ఎవలో కొట్టాలెనని ఆగినట్టు."

నది దాకా పోయాను. ద్రాక్షతోట ఇవతలి ముళ్ళు గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కాయి. అవతలి రెండూ పచ్చగానే ఉన్నాయి. నది తేమ అని నాకు నేను చెప్పుకున్నాను. నా సీసాలో సగం నీళ్ళు ఆ తీగకు పోశాను. తిరుగుదారిలో ఒక్కో ముడి దగ్గరా రెండుసార్లు గంట కొట్టి, ఆలస్యంగా వచ్చాను బాపూ అని చెప్పి, ముడి విప్పుతూ వచ్చాను. వేళ్ళు కోసుకుపోయాయి. ఏడుస్తూనే విప్పాను.

కాలువ గట్టు కింద, అన్నిటికంటే మొదట వేసిన ముడి ఆఖరున మిగిలింది. గంట రెండుసార్లు కొట్టి ఆకు మీద చేయి వేశాను. కట్టలు కడుతున్న ఆమె పని ఆపి లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది, పెద్దవాళ్ళు ఎదురొస్తే లాక్కున్నట్టు. ఆమె చూస్తున్నది నా వైపు కాదు, నా వెనక్కి.

నేను వెనక్కి చూడలేదు. ఆ ముడి మీద నుంచి చేయి తీసేశాను. సైకిలెక్కి, వెనక వచ్చేవాళ్ళకు అందేంత నెమ్మదిగా తొక్కుకుంటూ గట్టెక్కాను.