నవనీత, నీళ్లు, దొరకని ఫోకస్

పెళ్లి మండపంలో నవనీతకు ఎవరన్నా భయం లేదు. జీలకర్ర బెల్లం వేళ కెమెరాకు అడ్డం వచ్చిన మేనమామలను భుజం పట్టుకుని కూర్చోబెట్టేస్తుంది. చిక్కడపల్లిలో తండ్రి వదిలి వెళ్లిన స్టూడియోను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. అలాంటిది ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ బాల్కనీలోకీ తిరుగుతూనే ఉంది.

కారణం ఒక డబ్బా. కెమెరాను లోపల బిగించి నీళ్లలో ముంచడానికి వాడే ఈ గట్టి డబ్బాను హౌసింగ్ అంటారు. ముందు బోర్లించిన గిన్నెలా గాజు, చుట్టూ మీటలు. గాలిలో బుద్ధిగా పనిచేసే కెమెరా ఈ డబ్బాలో కూర్చుని నీళ్లలోకి దిగిందంటే చాలు, ఫోకస్ పట్టడం మానేస్తోంది.

ఈ తద్దినం తెచ్చిపెట్టింది రమ్య. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివిన పిల్ల. నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా దరఖాస్తు ఫోటోకు నవనీత దగ్గరికే వచ్చేది. ఏడాదికేడాది ఆ ముఖం చిక్కిపోవడం నవనీత లెన్సులోంచే చూసింది. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది. పొలం బావిలో దూకి ఈత నేర్చిన పిల్ల కాబట్టి, పెళ్లికి ముందు నీళ్ల అడుగున ఒక ఫోటో దిగాలని సరదా పడింది.

"అక్కా, నా ఫోటోలన్నిట్ల ఏడుపు ముఖమే ఉన్నది. గవన్ని నువ్వే తీసినవ్. గిది గూడ నువ్వే తియ్యాలె. వేరేటోళ్లు తీస్తే నాకొద్దు."

ఆ మాటకు నవనీత పొంగిపోయి సరేనంది. తనకు ఈత రాదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. హుస్సేన్ సాగర్ కట్టకు కూతవేటు దూరంలో పుట్టి పెరిగినా ఆమెకు నీళ్లతో పరిచయం బకెట్టు, మగ్గు వరకే. అంతకు మించిన నీళ్లు కనిపిస్తే రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆ మాట రమ్యకు చెప్పలేదు. నిచ్చెన కడ్డీ ఒక చేత్తో పట్టుకుని మెడదాకా దిగి, రెండో చేత్తో డబ్బా ముంచితే సరిపోదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

నారాయణగూడలోని ఒక ఈతకొలనులో మొదటిసారి ప్రయత్నించారు. రమ్య చేపలా కొలను మధ్యకు వెళ్లి మునిగింది. కెమెరా మాత్రం ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ తడుముకుని, తడుముకుని ఊరుకుంది. వచ్చిన ఫోటోల్లో రమ్య పాలలో ఉడికిన సగ్గుబియ్యంలా ఉంది.

సామాను కిరాయికి ఇచ్చిన కాచిగూడ తేజకు ఫోన్ చేసింది.

"లెన్సు మీద స్విచ్ సూసినవా అక్కా? డబ్బల పెట్టేటప్పుడు రాసుకొని మాన్యువల్‌ల పడితే ఫోకస్ దానంతటది పట్టది."

"సూసిన. సక్కగనే ఉన్నది."

"బయటి మీట సగం నొక్కితే లోపలి బటన్‌కు అందుతున్నదా?"

"అందుతున్నది తమ్మీ."

"అయితే గాజు సూడు."

గాజును వెలుతురుకు పెట్టి చూస్తే నట్టనడుమ పసుప్పచ్చటి మరక. నవనీతకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లోకి ఏ సామాను వచ్చినా గంధం, కుంకుమ పెట్టందే తల్లి కమలకు చెయ్యి ఊరుకోదు. ఫ్రిజ్జుకూ పెట్టింది, స్కూటీకీ పెట్టింది. డబ్బాకూ పెట్టి, మళ్లీ తనే కొంగుతో తుడిచింది.

"అమ్మా, గంధం పెట్టనీకి గాజే దొరికిందా?"

"బొట్టు ముఖానికి గాక వీపుకు పెడతరా?"

"కిరాయి సామానుకు బొట్టేందే!"

"కిరాయిదైతే ఏంది, ఇంటికొచ్చింది గద బిడ్డా."

నవనీత నోటికొచ్చినట్టు అరిచింది. కమల మూతి ముడుచుకుని లోపలికి పోయింది. నవనీత గాజు తళతళలాడేలా తుడిచి, వంటింట్లోని నీలం డ్రమ్ములో డబ్బా ముంచి, స్టీలు గరిటెను ఎదురుగా పెట్టింది. ఫోకస్ టక్కున పట్టేసింది! వంటింట్లోనే గెంతేసి, రోగం కుదిరిందని రమ్యకు ఫోన్ కొట్టింది.

మర్నాడు కొలనులో మళ్లీ అదే సగ్గుబియ్యం.

"వచ్చిందా అక్కా?" అని నీళ్లలోంచే అడిగింది రమ్య.

"వస్తది, వస్తది," అంది నవనీత. ఏడుపొక్కటే తక్కువ.

ఈసారి తేజ ఇంకో మాట అన్నాడు. "పరేషాన్ గాకు అక్కా. ఈతొచ్చిన మనిషిని పంపుత, ఆయన తీస్తడు." ఆ మాట నవనీతకు ముల్లులా గుచ్చుకుంది. తననే కావాలని కోరుకున్న ఒకే ఒక్క పిల్ల ఫోటోను ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి తీయడమా? ఇంట్లో కూర్చోలేక అశోక్ నగర్ దాకా నడిచింది. టీ కొట్టు దగ్గర పుస్తకాలు చంకన పెట్టుకున్న పిల్లల మధ్య నిలబడి, కెమెరాలోని ఫోటోలను ముందుకూ వెనక్కూ తిప్పింది.

అన్నీ మసకే. ఒక్కటి తప్ప. ఊపిరి కోసం రమ్య నిచ్చెన దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి తగిలి నీళ్లలోనే నొక్కుకుపోయిన ఫోటో. దాంట్లో కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. డ్రమ్ములో గరిటె కూడా జానెడు దూరంలోనే ఉంది కదా! కంటికి తేటగా కనిపించే కొలను నీళ్లలోనూ సన్నటి నలక ఉంటుంది. ఒక గది పొడవంత దూరం నుంచి చూస్తే ఆ నలకలో మనిషి అంచులు కరిగిపోయి, కెమెరాకు పట్టు దొరకదు. స్విచ్ తప్పు కాదు, మీట తప్పు కాదు, పాపం గంధం తప్పూ కాదు. దగ్గరికి పోనిది తను. కడ్డీ పట్టుకుని వేలాడితే, అడుగుకు మునిగిన మనిషి దగ్గరికి డబ్బా చేరదు. నవనీతకు సిగ్గేసింది, తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. తల్లికి సారీ చెప్పే నోరు లేక మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి పోయింది.

ఆదివారం కొలను గట్టు మీద నిజం చెప్పేసింది. "రమ్యా, నాకు ఈత రాదు. నీకు దగ్గరికొస్తెనే ఫోటో వస్తది. కడ్డీ వదిలితే నేను మునుగుత."

రమ్య కళ్లు పెద్దవి చేసింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గదా అక్కా! మునిగితే ఏమైతది, మనకు గావల్సింది మునుగుడే. నా చెయ్యి పట్టు. వదిలిపెట్ట."

పెళ్లికొడుకు భానుప్రకాశ్ తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. నవనీత ఊపిరి బిగబట్టి కడ్డీ వదిలింది. చెవులు మూసుకుపోయాయి. ఒక చెయ్యి రమ్య చేతిలో, ఒక చెయ్యి డబ్బా మీద. ఎదురుగా మూరెడు దూరంలో రమ్య ముఖం. తెర మీద, ఫోకస్ పట్టిందని చెప్పే ఆకుపచ్చ చుక్క ఆమె కంటి మీద కూర్చుని కదల్లేదు. నవనీత నొక్కింది. మరుక్షణం నీళ్లు మింగి, దగ్గుతూ పైకి తేలి, కడ్డీని వాటేసుకుని, "ఇంకోటి!" అని అరిచింది.

అయినా పెళ్లిలో ద్వారం దగ్గర పెట్టడానికి రమ్య ఎంచుకున్నది ఆ మొదటి ఫోటోనే. జుట్టు నీళ్లలో తేలుతూ, కళ్లలో కాస్త కంగారు, పెదవుల మీద ఆగని నవ్వు. ఒక చెయ్యి చూసేవాళ్ల వైపు చాచి ఉంది. పెళ్లికొడుకు మేనత్త బాలనాగమ్మ దాని ముందు నిలబడి మురిసిపోయింది.

"సూడు బిడ్డా, మా భాను కోసం ఎంత ప్రేమతోని చెయ్యి చాపిందో!"

"అవునమ్మా," అంది పక్కనే ఉన్న నవనీత. నీళ్లలో ఆ చెయ్యి పట్టుకున్న తన చేత్తో కెమెరా పైకెత్తుకుంది.