ఖాళీగా ఊగకూడని తక్కెడలు

కరోనా భయం తగ్గి సంతలు మళ్లీ పూర్తిగా సాగుతున్న ఏడాది. ఒడిశాలోని మునిగుడ స్టేషనుకు దగ్గర్లో ఉన్న పాత చింతపండు షెడ్డు కింద, సునాదేయి అనే కొండ మహిళ పిడికిట్లో చింతపండు పట్టుకుని వేలాడుతున్న ఒక తక్కెడ ఇత్తడి పళ్లెం ముందు ఆగిపోయింది. అధికారులు రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి అప్పటికే వెళ్లిపోయారు. మీరు తెచ్చిన సరుకులోంచి తలా ఒక గుప్పెడు ఈ తక్కెడల్లో వేయండని మైకులో ఒకమ్మాయి ఒడియాలో కోరుతోంది. సునాదేయి పళ్లెం వంక చూసింది, మైకు వంక చూసింది, పిడికిట్లో చింతపండును తిరిగి తన గంపలో వేసుకుంది.

“పుణి కొసరు?” అంది. పుణి అంటే ఒడియాలో మళ్లీ. కొసరు మాత్రం మన తెలుగు మాటే.

ఆమె గొంతు పెంచలేదు. వెనక వరసలో నిలబడిన ఆడవాళ్లు మాత్రం ఒక్కొక్కరే గంపలు నెత్తికెత్తుకుని సంతలోకి నడిచారు. మైకులో అమ్మాయి సగం వాక్యంలో ఆగిపోయింది.

నేను రాయగడలో ఒక తెలుగు దినపత్రికకు చాలాకాలం విలేకరిగా పనిచేశాను. ప్రారంభోత్సవం వార్త రాయడం మాకు చేతికి అలవాటైన పని. ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఎవరు వందన సమర్పణ చేశారు. ముఖ్య అతిథి కారుతో పాటే మేమూ కదులుతాం. ఆ రోజు రాయగడ వెళ్లే బండి ఆలస్యం కావడంతో టీ కొట్టు దగ్గర కూర్చుండిపోయాను. కనకే ఇది చూశాను.

ఆ అమ్మాయి పేరు హేమలత. ఎప్పుడో బొబ్బిలి వైపు నుంచి వచ్చి మునిగుడలో స్థిరపడిన చింతపండు వర్తకుల ఇంటి పిల్ల. ఫైన్ ఆర్ట్స్ చదువుకుని, ఊళ్లలో బహిరంగ ప్రదేశాల్లో ఇన్‌స్టలేషన్లు చేస్తుంది. ఇన్‌స్టలేషన్ అంటే గోడకు తగిలించే బొమ్మ కాదు, మనం లోపలికి నడిచి చుట్టూ తిరిగి చూసే అమరిక. అందులోనూ తను చేసేది సైట్-స్పెసిఫిక్ పని అని చెప్పింది, అంటే ఆ చోటు కోసమే పుట్టి, అక్కణ్ణించి పెకలిస్తే అర్థం పోయేది.

ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక పాత చేతి తక్కెడలు అటకలెక్కాయి. వర్తకుల ఇళ్లలో వాటిని పాత ఇనుముకు వేయరు. దసరాకు కిందికి దించి పసుపు రాసి బొట్టు పెట్టి మళ్లీ పైన పెట్టేస్తారు. హేమలత వాటిని అడిగి తెచ్చి, షెడ్డు దూలాలకు సమాంతరంగా ఇనుప చట్రం కట్టించి, వేర్వేరు ఎత్తుల్లో వేలాడదీసింది. గంప నెత్తిన ఉన్న మనిషికి అందేవి కొన్ని, చిన్నపిల్లకు అందేవి కొన్ని. కొండల మీంచి గాలి వీచినప్పుడు గొలుసులన్నీ సన్నగా మోగి, తూకం చూపే ముళ్లన్నీ ఒకేసారి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడేవి. నేను చాలా విగ్రహావిష్కరణలు చూశాను. అంత తక్కువ వస్తువులతో అంత నిండుగా ఉన్న పని చూడలేదు.

ఆమె మొదట అనుకున్నది ఖాళీ పళ్లేలు గాలికి ఊగడమే. దానికి అడ్డుపడింది వాళ్ల పెదనాన్న సూర్యనారాయణ. అక్కడి వర్తకుల్లో ఆయన మాటకు విలువెక్కువ. కొట్టు కట్టేవేళ తక్కెడ దించేయాలి, లేదంటే పళ్లెంలో గుప్పెడు సరుకైనా ఉంచాలి. ఖాళీ తక్కెడ ఊగితే వ్యాపారం ఖాళీ అవుతుందని వాళ్ల నమ్మకం.

“ఏటమ్మి, ఖాళీ తక్కెడ ఏలాడదీస్తావా? మన ఇళ్లల్లో ఎవులైనా అలా సేసేరా?” అని ఆయన అడిగారట. పళ్లేలు నిండకపోతే తన తక్కెడతో పాటు అందరివీ వెనక్కి తెచ్చేసుకుంటామని కూడా చెప్పేశారు. అదే జరిగితే మిగిలేది ఉత్త ఇనుప చట్రం, దాంతో పాటు హేమలత రెండేళ్ల కష్టం.

అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. సంతకు వచ్చేవాళ్లే తలా ఒక గుప్పెడు వేస్తారు, పళ్లేలూ నిండుతాయి, కొండవాళ్లకూ ఇందులో చెయ్యి ఉంటుంది. ఎంతో మంచి మనసుతో చేసిన ఆలోచన. వర్తకుల ఇంట పుట్టిన పిల్లకు మాత్రమే తట్టే ఆలోచన కూడా.

కొసరు అంటే మనకు కొనేవాడికి దక్కే నాలుగు ఎక్కువ వంకాయలు. చింతపండు, పసుపు, విప్పపువ్వు బేరంలో కొనేవాడు వర్తకుడు, అమ్మేది కొండ మనిషి. అక్కడ కొసరు అటునుంచి ఇటు వచ్చేది. తూకం అయ్యాక, ముల్లు నిలబడ్డాక, వర్తకులు అమ్మినామె గంపలోంచి ఇంకో గుప్పెడు తీసి పళ్లెంలో వేసుకునేవారు. సునాదేయి వాళ్లమ్మ తరం నుంచీ సరుకు తూచింది సూర్యనారాయణ గారి కొట్లోనే. ఆమె ఆగిపోయింది ఆ కొట్టు పళ్లెం ముందే.

హేమలత మైకు పక్కన పెట్టి సంతలోకి వెళ్లి సునాదేయి గంప పక్కన నేలమీద కూర్చుంది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా వినబడలేదు. సునాదేయికి సంత తెలుగు బాగానే వచ్చు. “నీ పళ్లెం నిండాలంటే నా గంప తరగాలా?” అన్నది ఒక్కటే స్పష్టంగా విన్నాను. హేమలత చింతపండు కొని, డబ్బిచ్చి లేచింది. కొసరు వేయబోతున్నట్టు సునాదేయి చెయ్యెత్తి, హేమలత ముఖం చూసి నవ్వి, దించేసింది.

హేమలత అక్కణ్ణించి నేరుగా పెదనాన్న కొట్టుకు నడిచింది. విలేకరి బుద్ధి కదా, వెనకే వెళ్లాను. ఆయన నాకు కుర్చీ వేయించారు. సంగతంతా విన్నాక ఆయన ముఖం ఎర్రబడింది.

“అది దొంగసొమ్ము కాదమ్మి. సింతపండు ఎండితే తరుగు పోతాది. ఆ తరుక్కే కొసరు. మీ తాతా అలాగే తీసేడు.”

“తరుగు తూకంలోనే కోసీవోరు కదా, పెదనాన్నా. కొసరు ఆ తర్వాత కదా తీసీవోరు.”

ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టారు. “అయితే ఇప్పుడు నన్నేటి సెయ్యమంతావు?”

“పళ్లేలు ఖాళీగా ఉండకూడదన్నది మీరే. మీరే నింపండి. ఆళ్లు తీసుకెళ్తారు.”

“ఖాళీ అయిపోతే?”

“మళ్లీ నింపండి. ఖాళీగా ఉంచకూడదు కదా.”

పక్క కొట్టు ఆయన ఇదంతా వింటున్నాడు. “కొసరు తీసుకోడం నేర్పేరు గానీ, ఇవ్వడం మనకెవులు నేర్పేరు, సూరిబాబూ?” అన్నాడు. సూర్యనారాయణ గారు గల్లాపెట్టె మూసి లేచారు.

నేను ఆ సాయంత్రం ప్రారంభోత్సవం వార్త పంపలేదు. ఆగుతానని డెస్కుకు ఫోన్ చేశాను. తిట్టారు. మరుసటి సంతకు మళ్లీ వెళ్లాను.

ప్రతి తక్కెడలోనూ ఒక పళ్లెంలో గుప్పెడు సరుకుంది. బెల్లం ముక్కలు, ఎండుమిరప, ఉల్లిపాయలు, ఉప్పు. రెండో పళ్లెం ఖాళీ, కాబట్టి ముళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. కొండ ఆడవాళ్లు వచ్చి చుట్టూ తిరిగారు. ఇది తీసుకుంటే బస్సు దగ్గర దొంగసొమ్మని ఎవరూ పట్టుకుని అడగరు కదా అని ఒకామె గట్టిగానే అడిగింది. అందరూ నవ్వారు. ఆమె బెల్లం తీసి కొంగున కట్టుకుంది. ఆ పళ్లెం పైకి లేచింది, గొలుసు మోగింది, ముల్లు వచ్చి నిటారుగా నిలబడింది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. ఎండ వాలే వేళకు షెడ్డులో ముళ్లు ఒక్కొక్కటే నిలబడుతూ వచ్చాయి. తను దీన్ని గాలి కోసం కట్టానని, చేతుల కోసం కట్టి ఉండాల్సిందని హేమలత నాతో అంది. అంతకంటే బాగా నేను రాయలేకపోయాను. ఆ మాటతోనే వార్త మొదలుపెట్టాను.

ఇది జరిగాక ప్రారంభోత్సవాలకు వెళితే అతిథి కారు వెళ్లిపోయాకే నోట్‌బుక్ తెరవడం అలవాటు చేసుకున్నాను. ఒక పని జనం మధ్యకు వచ్చిందా లేదా అన్నది ఉపన్యాసాల్లో తెలియదు. దాన్ని ఎవరు ముట్టుకున్నారో, ఎవరు ముట్టుకోకుండా వెనక్కి తగ్గారో చూస్తే తెలుస్తుంది. తన పనిని అందరి ముందూ ఒకరు కాదన్నప్పుడు, దాన్ని తిరగేసి నిలబెట్టగలిగిన కళాకారులు ఎక్కువమంది నాకు తారసపడలేదు.

వర్తకులు ఈనాటికీ సంతసంతకూ పళ్లేలు నింపుతున్నారు. సూర్యనారాయణ గారు తన తక్కెడలో ఉప్పు పెడతారు. సునాదేయి ప్రతి సంతకూ వస్తుంది, వేరే పళ్లేల్లోంచి ఉల్లిపాయలు తీసుకుంటుంది, ఆయన కనబడితే పలకరిస్తుంది కూడా. ఆయన ఉప్పు మాత్రం ముట్టుకోదు. ఆ ఉప్పు పళ్లెం ఆమెదేనని మిగతా ఆడవాళ్లు దాని జోలికి పోరు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లితే ఆయన దాన్ని పారబోసి కొత్తది పోస్తారు. ఆ ఒక్క తక్కెడ ముల్లు ఇప్పటికీ ఒక పక్కకే ఒరిగి ఉంది.