ఎవుతీమియో తల ఊపిన పండుగ

ఆగస్టులో ఊరి పండుగనాడు చర్చి ముందు పెద్ద మట్టి బానలో సంగ్రియా కలిపేది ఎవుతీమియోనే. ఎర్ర వైనులో పీచ్ ముక్కలు, నిమ్మ చెక్కలు, దాల్చినచెక్క వేసి, పంచదార కరిగించి, పైన ఐసుగడ్డలు వదిలేవాడు. మొదటి గరిటె తాను రుచి చూసి తల ఊపేదాకా ఎవరూ గ్లాసు ముంచరు. ఊపాక ఇక ఆ బానలో ఎవరూ ఇంకేమీ కలపరు. అది ఊరి కట్టుబాటు.

ఈ ఏడు అతను మంచం దిగలేదు. గొంతులో పుండు. గుక్కెడు నీళ్లు దిగడమే గగనమైపోయింది. ఊళ్లో అతనిదంటూ మిగిలింది ఆ తల ఊపడం ఒక్కటే. అదీ పోతే మనిషి దక్కడని భార్య ఒబ్దూలియా భయం. అందుకే కలిపే పని పక్కింటి కసీల్దాకు అప్పగించినా, మొదటి గరిటె ఇంటికే తెమ్మంది.

కసీల్దా ఒలక్కుండా పట్టుకొచ్చింది.

"బావగారూ, తిట్టేదుంటే ఇప్పుడే తిట్టేయండి. అవతల జనం నాలుకలు చాపుకుని నిలబడ్డారు."

ఒబ్దూలియా గుడ్డ కొన ముంచి అతని పెదాల మీద అద్దింది. కళ్లు మూసుకుని నాలుక ఆడించాడు. చాలాసేపటికి తల ఊపాడు. కసీల్దా గరిటె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

అడుగున మిగిలిన చుక్కను ఒబ్దూలియా నోట్లో వేసుకుంది. వట్టి పులుపు, వగరు. పంచదార పడనే లేదు.

చర్చికి ఎదురుగా ఉన్న కిటికీ దగ్గరికి ఆమె వెళ్లేసరికే బయట గ్లాసులు పైకి లేచాయి. ముసలి బల్దొమేరో మొదటి గుక్కకే మొహం చిట్లించాడు. పక్కవాళ్లను చూశాడు, ఈ కిటికీ వంక చూశాడు, మిగతాది గటగటా తాగేశాడు. కసీల్దా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. బల్ల కింద పంచదార సంచి కట్టు విప్పకుండానే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఒరేయ్ ఎవుతీమియో, అమృతంరా" అన్నాడు బల్దొమేరో.

"ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు పెదనాన్నా" అంది ఇంకొకతె.

వాళ్లు వెళ్లాక ఎవుతీమియో గొంతు పెగల్చుకున్నాడు.

"కిటికీ ముయ్యి."

"గాలి ఆడదయ్యా."

"పానకం చేశావనో, నీళ్లు పోశావనో బల్దొమేరో నన్ను తిట్టని పండుగ లేదు. ఏం తక్కువైందే?"

"ఏమీ లేదు."

"చెప్పు."

"పంచదార" అంది ఒబ్దూలియా.

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయట బ్యాండు మొదలైంది. ఆమె కిటికీ తలుపులు దగ్గరికి వేసింది.

సాయంత్రం తడిగుడ్డతో నీళ్లు అద్దబోతే అతను పెదాలు విప్పలేదు.