మేకలు ముట్టని ఎర్ర చెట్టు

మా ఆయన సమాధి మీద గులాబీ నాటాను, మేకలు తిన్నాయి. మందారం నాటాను, అదీ తిన్నాయి. ముళ్ళకంప కడితే పక్కకు లాగి మరీ తిన్నాయి. అరకులో క్రిస్మస్ వేళకు ఎర్రబడే చెట్టుందని, తుంచితే పాలు కారుతాయని, పశువు నోరు పెట్టదని మా చర్చిలో ఒకామె చెప్పింది. ఈ పండగకి ఆయన దగ్గర ఎర్రగా ఉండాలనుకుని మర్నాడే బయల్దేరాను.

కొత్తవలసలో పొద్దున్నే కిరండోలు పాసింజరు ఎక్కాను. మీరు వెళితే కుడివైపు కూర్చోండి, లోయలు అటే కనిపిస్తాయి. బొర్రాలో సగం పెట్టె ఖాళీ అయింది. దిగబోతూ పక్కామె అడిగింది.

“గుహలు సూడవా అప్పా?”

“సెట్టు కోసం ఎల్తన్నాను.”

“ఓలమ్మో! మీ ఊళ్ళో సెట్లు సచ్చిపోనాయా?”

“మేకలు సావలేదు,” అన్నాను.

అరకులో దిగేసరికి పదకొండు దాటింది. ఇడ్లీ తిని, ఆ చెట్లు అటే ఎక్కువని చెబితే డుంబ్రిగుడ జీపెక్కాను. నిండితేగాని కదలదు. అక్కడ సంత రోజు కదా, కోళ్ళూ పసుపు మూటలూ మేమూ కలిసే వెళ్ళాం.

సంత పక్కనే ఒక ఇంటి కంచె నిండా ఆ చెట్లే, మనిషెత్తున. దగ్గరికెళితే తెలిసింది, ఎర్రవి పూలు కావు, ఆకులు. కొమ్మ చివరి ఆకులు అలా ఎర్రబడతాయి. అసలు పూలు నడుమ పసుపు గింజల్లా చిన్నవి. కందులు చెరుగుతున్న ఇంటామె అడగ్గానే ఒక రెమ్మ తుంచి ఇచ్చింది. పాలు కారాయి. అయినా నమ్మకం కుదరక, సంతలో కట్టేసిన మేక మూతి దగ్గర పెట్టాను. అది వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుంది.

“మేక కొంటావా, మేతెడతావా?” అన్నాడు మేక తెచ్చినాయన.

“నీ మేక తినకపోతే అదే సాలు బాబూ.”

వెనక్కి వచ్చి, పండక్కి సమాధి మీద నాటాలి, ఎర్రటి కొమ్మలు ఇమ్మన్నాను. ఇంటామె తల అడ్డంగా ఊపింది.

“ఎర్రాకు ఉంటే కొమ్మ వాడిపోద్ది, ఏరు రాదు. కింది ముదురు కొమ్మ ఉత్త పుల్లగా పట్టుకెళ్ళు. పాలు ఆరనిచ్చి పాతు. రాత్రి సీకటుండాల. దీపం కింద ఎర్రబడదు.”

“సమాధుల కాడ దీపం ఎవుడెట్టాడు! మరి ఈ పండక్కో?”

“ఈ పండక్కి పుల్లలే అప్పా. ఎర్రనిది వచ్చే పండక్కే.”

కాసేపు ఆ ఎరుపు చూస్తూ నిలబడ్డాను. కోసుకుపోతే రెండు రోజుల ముచ్చట. “దూసెయ్యి,” అన్నాను. ముదురు కొమ్మలు కోసి, ఇద్దరం కలిసి వాటి ఆకులన్నీ దూశాం. ఆ పాలు కళ్ళకు తగలకుండా చేతులు కడుక్కోండి, మంట పుడుతుంది.

తిరుగు బండిలో ఎదురు సీటాయన నా గోనెగుడ్డ మూట చూసి నవ్వాడు. “పొయ్యిలోకి పుల్లలు అరకు నుంచేటి?”

మూట ఒళ్ళోకి తీసుకున్నాను. అరకులో తోటలున్నాయట, కాఫీ ఉందట, అవేవీ చూడలేదు. ఒక కంచె చూశాను, చాలు. పండగనాడు అందరి సమాధుల మీదా పూలుంటాయి, మా ఆయన మీద పుల్లలుంటాయి. ఆయనకు మాత్రం చెబుతాను: “ఇంకో ఏడు ఆగు. నీకేటి తొందర?”