బావ కాలికి నాలుగు కట్లు

మూడో కట్టు దగ్గర కత్తెర ఆగిపోయింది. అది నైలాను తాడు. అందులో జానెడు కట్టెపుల్ల దూర్చి మెలేసి ఉంది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టి, ఆ తరవాతే ఒక్కో కట్టూ తీస్తోంది. కత్తెర పక్కన పెట్టి, మా బావ పాదం మీద రెండు వేళ్ళు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. నాడి కోసం వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. పాదం నీలం దాటి నల్లబడుతోంది.

"ఈ పుల్ల పెట్టి మెలేసింది ఎవురప్పా?"

"నేనే," అన్నాను.

ఆమె గోనెసంచిలో మేం తెచ్చిన చచ్చిన పామును చూసి, "దీన్నెందుకు తెస్తిరి? దీనికేమన్నా జొరమా?" అంది.

బావ అంటే మా అక్క భర్త. బాగేపల్లికి అవతల ఆయన చేను. ఆ పొద్దున వేరుశనగ చెట్లు పీకుతుంటే రక్తపింజరి కుడి మడమ పైన కరిచింది. నేను ముందురోజే చింతామణి నుంచి వెళ్ళి ఉన్నాను. చేనిగట్టు మీదే ఉన్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెళ్ళికి పోయినవాడు అక్షింతలు వేయకుండా రానట్టే, పాము కరిచిన మనిషి దగ్గరికి వచ్చినవాడు ఒక కట్టు కట్టకుండా పోడు. ఒకరు కట్టింది ఇంకొకరు విప్పకూడదు. విప్పితే చావు కోరినట్టు. మొదటి కట్టు బావే తన తలగుడ్డతో కట్టుకున్నాడు. రెండోది పక్క చేని రైతు, ఎద్దు పగ్గంతో. మూడోది నాది. బండి మీది మోపు కదలకుండా తాడులో పుల్ల దూర్చి తిప్పుతారే, అలా తిప్పాను. నాలుగోది అక్క, చీర కొంగు చించి.

"గట్టిగా బిగించప్పా, ఒక్క చుక్క పైకి పోగూడదు," అంది అక్క.

"బిగిస్తాండాను కదక్కా."

"బామ్మర్దీ, అది నా కాలు, చెనిక్కాయ మూట గాదు," అన్నాడు బావ.

అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పామును చూపిస్తేనే డాక్టర్లు సూది వేస్తారని ఎవరో అన్నారు. గంటన్నర పాటు మగవాళ్ళందరూ గట్ల వెంట పొదలు కొట్టారు. ఆ తరవాత టమాటా బండి కోసం ఇంకో గంట. బాగేపల్లి ఆసుపత్రి దారిలోనే ఉంది. పెద్ద ఊరికి పోదాం పదండి అన్నది కూడా నేనే. ఊళ్ళో నలుగురికీ నా మాట మీద గురి. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసినవాడికి తెలియకుండా ఉంటుందా అని.

మర్నాడు వార్డు బయట డాక్టరమ్మ నన్ను నిలబెట్టి అడిగింది.

"మీ చేన్లో డ్రిప్పు ఉండాదా?"

"ఉండాదమ్మా."

"డ్రిప్పులో పోయిన నీళ్ళు మన్నులోకి పోతాయి, ఆటికి సరి. ఒంట్లో అట్ల గాదప్పా. పోయిందంతా తిరిగి రావల్ల."

గుండె ఎడమ సగం నుంచి బయలుదేరిన మంచి రక్తం లోతున ఉన్న ధమనుల్లో తొడలోకి, పిక్కలోకి దిగి, కాలివేళ్ళ కొసల్లో వెంట్రుక కన్నా సన్నని నాళాల్లోకి చేరుతుంది. అక్కడ ప్రాణవాయువు ఇచ్చేసి సిరల్లో వెనక్కి మళ్ళుతుంది. దాన్ని పైకి ఎక్కించే పనిలో పిక్క కండరానిది పెద్ద చెయ్యి. అడుగు వేసినప్పుడల్లా అది సిరను పిండుతుంది, సిరలోని చిన్న తలుపులు రక్తాన్ని కిందికి జారనివ్వవు. అలా గుండె కుడి సగానికి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు, మళ్ళీ ఎడమ సగానికి. ఊరికే కూర్చున్న మనిషిలో ఈ చుట్టంతా ఒక నిమిషం పని.

సిరల గోడలు పల్చన, వాటిలో ఒత్తిడీ తక్కువ. కాస్త బిగిస్తే తిరిగివచ్చే దారి మూసుకుపోయి కాలు ఉబ్బుతుంది. పుల్ల పెట్టి తిప్పితే ధమనుల దారి కూడా మూసుకుంటుంది. మూడు గంటలకు పైగా ఆ పాదానికి మంచి రక్తం అందలేదు. రక్తపింజరి విషం కరిచినచోట కండను తినేస్తుంది. దాన్ని కూడా అక్కడే కట్టిపడేశాం. మేం చేయాల్సిందల్లా కట్టు జోలికి పోకుండా, కాలు కదలనివ్వకుండా పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తేవడం.

రక్తప్రసరణ బడి పుస్తకంలో ఉన్నదే. నేను బొమ్మ గీసి, ఎరుపూ నీలం పెన్సిళ్ళతో రంగులు దిద్ది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది పరీక్షకు పనికొచ్చింది. చేనిలో మాత్రం పుల్ల తిప్పడమే గుర్తొచ్చింది.

అంతకన్నా సిగ్గుచేటైన సంగతి ఇంకొకటి ఉంది. పాముకాటు వార్తలు నేనెన్ని రాశానో లెక్కలేదు. ప్రతిదానిలో ఒకే వాక్యం: స్థానికులు సమయస్ఫూర్తితో కట్టు కట్టి ఆసుపత్రికి తరలించడంతో ప్రాణాపాయం తప్పింది. వార్త అక్కడితో అయిపోయేది. ఆ మనిషి ఇంటికి వెళ్ళి కాలు చూసింది ఒక్కసారి కూడా లేదు. ఏ డాక్టరునూ ఆ కట్టు మంచిదేనా అని అడగలేదు. అడక్కుండానే పొగిడాను, అచ్చు వేయించాను. ఆ వాక్యం చదివి ఎవరెవరు ఎక్కడెక్కడ పుల్లలు తిప్పారో నాకు తెలియదు.

తొమ్మిదో రోజు బావ పాదం ముందు సగం తీసేశారు. మనిషి బతికాడు. ఊరు దానికి తన లెక్క తను వేసుకుంది. చూడటానికి వచ్చిన పక్క చేని రైతు మంచం పక్కన కూర్చుని, "బామ్మర్ది కట్టు కట్టబట్టి దక్కినావప్పా, లేకుంటే యాడుండేవాడివి," అన్నాడు. అలా కాదని అరిచాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"పోనీలేప్పా, నీదంతా మంచితనం," అని నా భుజం తట్టి వెళ్ళాడు.

అతను పోయాక బావ నా వైపు తిరిగాడు. "పేపర్లో దీన్ని ఎట్ల రాస్తావు?" అని అడిగాడు.

పాదం విషం వల్ల పోయిందా, నా కట్టు వల్ల పోయిందా అని డాక్టరమ్మను రెండుసార్లు అడిగాను. రెండూ కలిసే ఉండొచ్చు, ఏది ఎంతో విడదీసి చెప్పలేనంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కారణం అన్నచోట పాముకాటు అని మాత్రమే ఉంది.