అక్క పట్టిన టేపు కొస

మా అక్క పోయిందన్న మాట పెరటి గోడ అవతలి నుంచి వచ్చింది. పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డాను. బావగారు గోడ దగ్గరికొచ్చి, "అమ్మా, మీ అక్క లెగట్నేదు. ఓపాలి రా" అన్నారు. ఆ గొంతుతోనే సంగతి తెలిసిపోయింది. బిందె నిండి పొర్లుతోంది. కుళాయి కట్టేసి వెళ్లాను. అలా కట్టేయకుండా వెళ్తే ఆవిడే లేచి వచ్చి తిడుతుందేమో అనిపించింది.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, మా ఆయన అన్నగారి భార్య. కాపురానికొచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర వండాం. తర్వాత పొలాలు పంచుకుని, పక్కపక్కనే మేడలు కట్టుకుని, ఒక గోడకి చెరోవైపు ముసలివాళ్లమయ్యాం. మా ఊరు రాజాం బస్సు వెళ్లే దారిలో ఉంటుంది. మధ్యలో ఒక విడత, ఆడవాళ్లకి సీటు వచ్చినప్పుడు, ఆవిడ మా ఊరికి సర్పంచి కూడా చేసింది.

ముందే చెప్పేస్తున్నాను. ఇది కుళ్లుబోతు మనిషి రాస్తున్న జ్ఞాపకం. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు, రాస్తాను. కానీ ఆ మంచి చూసి నాకు కడుపు మండిన మాట కూడా రాయకపోతే, ఆ రాసేది వేరే ఎవరి గురించో అవుతుంది.

పోయిన రోజు సంగతే చూడండి. శవానికి స్నానం చేయించడానికి మా పెరట్లో నీళ్లు తోడిపెట్టాను. అంతలో దిగువ వీధి ఆడవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరి నడుం మీద ఒక్కో బిందె. ఎవరి కుళాయి నీళ్లు వాళ్లు పట్టి తెచ్చారు. "మా నీళ్లతోనే పొయ్యాల" అంది ముందున్న ముసలామె. మా పెరటి నీళ్లు అలాగే ఉండిపోయాయి. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే అనుకున్నాను, రేపు నేను పోతే ఇంతమంది బిందెలెత్తుకొస్తారా అని. రారు. ఆ సంగతి నాకు తెలుసు. ఇంకాస్త ఏడుపొచ్చింది.

ఆవిడ మీద నా ఏడుపు ఈనాటిది కాదు. మా అత్తకి ఆవిడ కలిపిన చోడి అంబలే, అంటే రాగి అంబలే, నచ్చేది. అవే చోళ్లు, అదే కుండ, నేను కలిపితే మాత్రం "ఏటో తేడాగా ఉన్నాది" అనేది. నా కూతురు మొదటి అడుగులు వేసింది ఆవిడ చెయ్యి పట్టుకుని. సర్పంచి సీటు ఆడవాళ్లకని తెలిసినప్పుడు మా ఇంట్లో ఇద్దరు కోడళ్లం ఉన్నాం. ఊరి పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. టీ ఇచ్చింది నేను, పేరు రాసుకుంది ఆవిడది. గ్లాసులు తీసుకుని లోపలికొచ్చి ఒకటి గట్టిగానే పెట్టాను. మొన్న మొన్నటి దాకా ఆ సొట్ట గ్లాసు మా ఇంట్లో ఉండేది.

సర్పంచి అయ్యాక చాలా ఊళ్లలో జరిగేదే జరుగుతుందని ఎదురుచూశాను. సంతకం ఆవిడది, పెత్తనం బావగారిది అవుతుందనుకున్నాను. అలా కాలేదు. పంచాయతీ ఆఫీసుకి ఆవిడే వెళ్లేది, గడప దగ్గర చెప్పులు విడిచి మరీ వెళ్లేది. బావగారు వెనకాల వెళ్తే, "మీరేల, పశువులకి కుడితి పెట్టండి" అనేది. ఆయన నవ్వుకుంటూ వచ్చేసేవారు. అలా నవ్వే మొగుడు దొరకడం కూడా నాకు కుళ్లే.

ఆవిడకో అలవాటు ఉండేది. వీధిలో నడుస్తూ ఎవరి కుళాయి కారుతున్నా లోపలికి వెళ్లి కట్టేసేది. ఆ ఇంటివాళ్లతో మాటలుండనీ లేకపోనీ ఆవిడకి పట్టేది కాదు. పగలు వెలుగుతున్న వీధిలైటు కనపడితే స్విచ్చి ఎక్కడుందో వెతికి ఆర్పేసేది. "ఎవరి సొమ్మే అది? నీదీ నాదీ" అనేది. నాతోనే అనేది, పక్కన ఎప్పుడూ నేనే ఉండేదాన్ని కాబట్టి. ఆవిడని చూసి కుళ్లుకోవడానికైనా పక్కన ఉండాలి కదా.

ఆ రోజుల్లో దిగువ వీధికి నీళ్లు అందేవి కావు. ట్యాంకు పాతది, మోటారు తరచూ కాలిపోయేది, పైపులు ఎగువ వీధి దాటేసరికే నీళ్లు అయిపోయేవి. మేం వాకిళ్లు కడిగి మొక్కలకి పోసుకునే వేళకి దిగువ వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో పొలాల్లో బోరు దగ్గరికి నడిచేవారు. మండలం ఆఫీసుకి తిరిగి తిరిగి అక్క ఒక సాయంత్రం మా అరుగు మీద కూలబడింది. పై నుంచి డబ్బు రావాలట, వచ్చినప్పుడు చూద్దాం అన్నారట, ముందు మీ ఊరి పన్ను మీరు వసూలు చేసుకోండి అన్నారట.

"వసూలు సెయ్యమంటే సేస్తాను. ఎవరి కాడ సెయ్యను?" అంది. "దిగువ వీధి రేకులింటికీ మన మేడకీ ఇంచుమించు ఒకటే పన్నే. మన మేడలు ఇంకా పుస్తకంలో పెంకుటిళ్లేనట. సబ్బు కొన్నా, పిల్లగుంటలకి బిస్కెట్టు కొన్నా ఆళ్లూ మనంతే పన్ను కడతన్నారు. ఇంటి కాడైనా ఇల్లుని సూసి కట్టాల కదేటి?"

మేడలన్నీ మళ్లీ కొలిపిస్తానంది. మా ఆయన లోపలి నుంచి విన్నాడు. మర్నాటికి ఎగువ వీధి మగవాళ్లంతా ఒక మాట మీదికి వచ్చారు. కొలవడానికి వస్తే మేడ మీది గదులకి తాళాలు వేయాలి, పాత సామాను ఉంది, తాళం చెవి పోయింది అని చెప్పాలి. సర్పంచి అయినా ఆడమనిషే కదా, నాలుగిళ్లు తిరిగి ఊరుకుంటుందని వాళ్ల ధీమా. మా ఆయన తాళం వేసి, తాళం చెవి బియ్యం డబ్బాలో దాచి, "వదినొస్తే ఏటీ మాట్లాడకు" అని చెప్పి వాకిట్లో కూర్చున్నాడు.

అక్క, పంచాయతీ సెక్రటరీ వచ్చారు. ఆయన చేతిలో చుట్టుకునే పెద్ద టేపు, చివర ఇత్తడి రింగు. ముందు వాళ్ల ఇల్లే కొలిపించుకుంది. రింగు తనే పట్టుకుంది. "కొస గోడ అంచుకే పట్టాల. జానెడు లోపలికి జరిగితే ఊరికి జానెడు తక్కువ" అని సెక్రటరీకి చెప్పడం నాకు వినపడింది. కొలత కూడా వీధంతా వినేలా చదివించింది. తర్వాత మా ఇంటివైపు తిరిగి, అంతే గట్టిగా అంది.

"సెల్లి వాళ్లది బేగి అయిపోతాది బాబూ. మాకంటే సిన్నదే."

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నదా? మా ఇంటికి బాల్కనీ ఉంది, వాళ్లకి లేదు. మెట్ల మీద గది ఉంది, వాళ్లకి లేదు. అంబలి దగ్గర తగ్గాను, సర్పంచి సీటు దగ్గర తగ్గాను, ఇంటి దగ్గర కూడా తగ్గాలా? లోపలికెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను.

"పైన గదుంది, రండి" అన్నాను తాళం చెవి పట్టుకుని. "బాల్కనీ ఉన్నాది. మెట్ల గది కూడా రాసుకోండి. అంచు నుంచి కొలవండి, తగ్గించొద్దు."

మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కొలత చదివాక మా ఇల్లే పెద్దదని తేలింది. వీధిలో నిలబడి ఇంకోసారి చదవమన్నాను. ఎదురింటావిడ అదంతా కిటికీలోంచి చూసింది. మా ఇంటి కన్నా తమ డాబా తక్కువేం కాదని ఆవిడ ఇంట్లో పెద్ద గొడవే జరిగిందట, సాయంత్రానికి వాళ్ల తాళం కూడా తీసింది. ఆ వారంలో ఎగువ వీధిలో పోయిన తాళంచెవులన్నీ దొరికాయి. ఎవరి భార్య ఎందుకు తీసిందో మగవాళ్లకి చాలాకాలం అర్థం కాలేదు.

అక్క అంతటితో ఆగలేదు. మా ఊళ్లో అంతకుముందు పన్ను కట్టనివాళ్ల ఇంటి ముందు డప్పు కొట్టించేవారు. దెబ్బ ఎప్పుడూ రేకులిళ్ల ముందే పడేది. ఆవిడ దాన్ని మాన్పించి, కట్టినవాళ్ల పేర్లు గ్రామసభలో చదివించడం మొదలుపెట్టింది. ఎక్కువ కట్టినవాళ్లు ముందు, అది కూడా ఆడవాళ్ల పేర్లు. "ఇల్లు ఎవరు ఊడుస్తన్నారో ఆళ్ల పేరే సదవండి" అంది. మొదటి పేరు నాది. రెండోది ఆవిడది. అందరి ముందు ఆవిడ పేరు నా పేరు తర్వాత రావడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజు పెళ్లికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని వెళ్లాను. పన్ను పెరిగిందని మా ఆయన వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ డబ్బుతో కొత్త మోటారు వచ్చింది, దిగువ వీధికి వేరే పైపు పడింది. ఆ తర్వాతి ఏడు పై నుంచి రావలసింది కూడా కొంత వచ్చింది. దిగువ వీధిలో మొదటిసారి నీళ్లు వచ్చిన రోజు అందరూ అక్కకి దండ వేశారు. నాకు వేయలేదు. ఎక్కువ పన్ను కట్టింది నేను, దండ ఆవిడకి. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనతో అంటే, "నిన్నెవడు కట్టమన్నాడు?" అన్నాడు. ఆవిడ సర్పంచిగా దిగిపోయాక వచ్చినవాళ్లు కూడా పేర్లు చదివే ఆనవాయితీ మార్చలేదు. ఏటేటా నా పేరు ముందు, ఆవిడ పేరు వెనక. నాకు మిగిలింది అదొక్కటే, అదైనా గట్టిగా పట్టుకున్నాను.

అక్క ఒంట్లో బాగోక మంచం పట్టాక రోజూ రెండు పూటలా అంబలి తీసుకెళ్లేదాన్ని. నా అంబలి తాగి బాగుందనేది. నాకు నమ్మకం కుదిరేది కాదు. ఒకరోజు గ్లాసు నా చేతికిస్తూ నవ్వింది.

"ఏటే, నీ కుళ్లే నేకపోతే దిగువ వీధికి నీళ్లెక్కడివి?"

నాకు వెంటనే అందలేదు. "ఆ రోజు మా ఇల్లు సిన్నదని కావాలనే అన్నావా అక్కా?"

"మరి? నీకు బాల్కనీ ఉన్నాదని నాకు తెల్దేటి? గోడ కట్టిన కాడి నుంచీ సూస్తన్నాను కదా."

గ్లాసు తీసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం అంబలి తీసుకెళ్లలేదు. ఇన్నేళ్లూ నేను గెలిచాననుకున్నది కూడా ఆవిడ పెట్టిన ముద్దేనన్నమాట. మర్నాడు మళ్లీ తీసుకెళ్లాను. నిన్న ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు, తాగేసి పడుకుంది.

పెద్దకర్మ అయ్యాక ఊళ్లో మళ్లీ కొలతలు మొదలయ్యాయి. కొత్తగా కట్టినవాటిని పుస్తకంలో ఎక్కించాలట. పోయిన ఏడు అక్క మేడ మీద ఒక గది వేయించింది. ఎవరుంటారక్కా అని అడిగితే, "గాలుంటాది" అంది అప్పుడు. మోకాళ్ల నొప్పులతో బావగారు మెట్లెక్కలేరు. కొత్త సెక్రటరీ కుర్రాడు టేపు కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు. బావగారు నావైపు చూశారు.

"ఆ గది ఏల కట్టించిందో తెల్సా అమ్మా నీకు?" అన్నారు. "గ్రామసభలో ఏటేటా నీ పేరు ముందు ఇంటాది కదా. ఇంటికొచ్చి మూతి ముడుసుకుని కూకునేది. ఒక్కపాలైనా తన పేరు ముందు రావాలని. నీకు సెప్పొద్దని ఒట్టేయించింది. ఇంక ఒట్టేటి."

మెట్లెక్కుతూ ఆ మాటే అనుకున్నాను. మూతి ముడుచుకునేదట. అంబలి, సర్పంచి సీటు, దండ, బిందెలు అన్నీ తనకే ఉన్నాయి, అయినా నాకున్న ఆ ఒక్కదాని మీద కన్నేసింది. నన్ను చూసి కుళ్లుకున్న మనిషి ఈ లోకంలో ఒకరైనా ఉందన్నమాట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బతికుండగా తెలిస్తే ఎంత సాధించేదాన్నో.

గదికి కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. సెక్రటరీ కుర్రాడు అటు చివరికి వెళ్లి నాకు వీపు పెట్టి వంగాడు. ఇత్తడి రింగు నా చేతిలో ఉంది. రెండిళ్లకీ తేడా పెద్దగా ఉండదని నాకు తెలుసు, నా ఇంటి కొలత నాకు కంఠతా వచ్చు. జానెడు లోపలికి పడితే నా పేరు ముందే ఉంటుంది. ఎవరూ చూడరు. చూసి తిట్టే మనిషి లేదు.

గోడ అంచు వెతికి, బొటనవేలితో రింగు దాని మీద నొక్కి పట్టాను. సున్నం వేలికంటుకుంది. కుర్రాడు కొలత చదివాడు. లెక్క వేసుకుని, "మీ అక్కగారిదే పెద్దదండి" అన్నాడు.

కడుపులో భగ్గుమంది. పాత మంటే, ఆవిడ ఉన్నప్పటిలాగే. పోయిన దగ్గర్నుంచీ ఇల్లంతా చల్లగా పడి ఉన్నట్టు తోచేది, అది ఎందుకో అప్పుడు తెలిసింది.

"ఇంకోపాలి సదువు బాబూ, గట్టిగా" అన్నాను. మా ఇంట్లోకి వినపడాలి. కింద బావగారికి వినపడాలి.

చదివాడు. తర్వాత టేపు చుట్టడం మొదలుపెట్టాడు. అది రాలేదు. ఒకసారి లాగి, వెనక్కి తిరిగి చూశాడు.

"అయిపోయిందమ్మా, వదిలేయండి" అన్నాడు.

నేను ఇంకా గోడ అంచునే పట్టుకుని ఉన్నాను.